మన పాఠశాలలలో వ్యాసరచన

ఆవు వ్యాసము కథ వినని తెలుగువారు అరుదు. ఒక విద్యార్థి ఆవును గూర్చిన వ్యాసమొకటి కంఠస్థము చేసికొని పరీక్షకు పోయెను. అక్కడ కొబ్బరిచెట్టును గూర్చి వ్రాయుమనిరి. అతడు వెరవక, కొబ్బరిచెట్టు నిటారుగా నుండునని యొక వాక్యము వ్రాసి, దాని మొదట నొక యావును కట్టివేసి, పిదప తనకు వచ్చిన వ్యాసమంతయు పొల్లుపోకుండ దింపివైచెను. ఈ కథ విని మనము నవ్వుదుము. కాని ఆ బాలుని తెలివిలో లోపమేమియు లేదు. అతనికి ఆవును గూర్చి తెలియును; కొబ్బరిచెట్టును గూర్చియు తెలియును. ఇంటి పెరటిలో రెండింటిని చూచినవాడే. చూచినదానిని తన మాటలలో, ఒక క్రమమున చెప్పుట యెట్లో అతనికెవ్వరును నేర్పలేదు. ఒకరు వ్రాసిపెట్టినదానిని అప్పగించుటయే వ్యాసరచన యని అతడు నమ్మెను. అట్లు నమ్మించినవారము మనము.

తలపులను పుట్టించుకొనుట, పుట్టినవానిలో దేనిని నిలుపవలెనో దేనిని విడువవలెనో తెలిసికొనుట, నిలిపినవానిని ఒక్క విషయమునకు లోబడునట్లు కూర్చుట, వ్యాసరచన యనగా నింతయే. ఈ విద్య మన బడులలోనికి ఎట్లు ప్రవేశించినది? ప్రవేశించియు ఏల వేరూనలేదు? గడచిన రెండువందల యేండ్ల చరిత్రను పరిశీలించినచో దీనికి సమాధానము దొరకును.

మొదట ఆ శబ్దమునే విచారింతము. "వ్యాస" శబ్దమునకు సంస్కృతమున విస్తరించుట, విభజించుట యను రెండర్థములును కలవు. సంగ్రహముగా నున్నదానిని విరివిగా చెప్పుట వ్యాసము. కలగలుపుగా నున్నదానిని విడదీయుటయు వ్యాసమే. వేదములను విభజించినందుననే గదా కృష్ణద్వైపాయనునకు వేదవ్యాసుడను పేరు కలిగినది. రచన నేర్చు విద్యార్థి చేయవలసిన పనులును ఈ రెండే. ఒక చిన్న విషయము చేతికిచ్చినప్పుడు దానినుండి పది తలపులు తీయవలెను. ఆ పది తలపులు గుంపుగా వచ్చిపడినప్పుడు వానిని వేరుచేసి, వేనివేనికి పొత్తు కలదో చూచి, ఒక్కొక్క గుంపునకు ఒక్కొక్క పేరా కట్టవలెను. మొదటిది లేనివాని కలము కదలదు. రెండవది లేనివాని కలము ఆగదు.

ఇక చరిత్రకు వత్తము. 1822లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో, ఈ దేశపు బడుల స్థితి యెట్లున్నదో తెలుపుమని జిల్లా కలెక్టర్లను కోరెను. అందుకు ప్రత్యుత్తరముగా బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823లో పంపిన నివేదిక మిక్కిలి ప్రసిద్ధమైనది. ఆ జిల్లాలో తెలుగు బడులును కన్నడ బడులును ఉండెడివి. మొత్తము 533 బడులలో 6,641 మంది పిల్లలు చదువుచుండిరని అతడు లెక్క చెప్పినాడు. ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దించుటను, పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించుటను అతడు మెచ్చుకొన్నాడు. కాని ఒక్క విషయమున మాత్రము అతని మనస్సు నొచ్చినది. బడిలో చదువు పుస్తకములన్నియు పద్యములు. వాని భాష పిల్లలు మాటాడు భాషకు దూరమైనది. అర్థము విడమరచి చెప్పగల గురువులు అరుదు. కావున పిల్లవాడు వందలకొలది పద్యములను తడుముకొనక చదువగలడు గాని, వాని భావము నేర్పిన మాటలు పలుకు చిలుకకెంత తెలియునో అతనికిని అంతే తెలియునని ఆ నివేదిక సారాంశము.

ఇది పరదేశపు టధికారి యాక్షేపణ యని త్రోసివేయుట తగదు. ఉన్నంతలో నిజమని యొప్పుకొనవలెను. అట్లని మన వీథిబడులను నిందించుటయు న్యాయము కాదు. పుస్తకము దుర్లభమై, తాటాకు ప్రతి యొకటి ఊరికంతకు ఆధారమైన కాలమున, ధారణయే గ్రంథాలయము. కంఠస్థము చేయించుట ఆనాటి యవసరము. యతిప్రాసలు గల పద్యము నోటికి వచ్చినంత సులభముగా వచనము రాదు. కాబట్టి బడి పద్యమునే పట్టుకొన్నది. అయితే అచ్చుయంత్రము వచ్చి పుస్తకము చవుకయైన తరువాతను ఆ యలవాటు పోలేదు. అవసరము తీరిపోయినది, అలవాటు మిగిలినది.

వచనమునకు గల కష్టము వేరు. పద్యమునకు హద్దు ఛందస్సే యేర్పరచును. నాలుగు పాదములు నిండగానే పద్యము ముగియును. వచనము తన హద్దును తానే కల్పించుకొనవలెను. మన తాటాకు ప్రతులలో పంక్తులు ఎడతెగక సాగిపోవును. ఇక్కడ ఒక భావము ముగిసినది, ఇక్కడ మరియొకటి మొదలైనదని కంటికి చూపు గుర్తులు మిక్కిలి తక్కువ. నేడు మనము పేరా యని పిలుచు విభాగము, విరామచిహ్నములు, ఇవి యన్నియు అచ్చుతోడను, ఇంగ్లీషు గ్రంథముల పరిచయముతోడను మన వచనమునకు అలవడినవి. కొత్త పంక్తి మొదట కొంచెము చోటు విడుచుట అచ్చుకూర్పరులు వెంటనే నేర్చిరి. ఆ చోటు ఎందుకు విడువవలెనో నేర్చుటకు మనకు చాల కాలము పట్టినది.

పందొమ్మిదవ శతాబ్దపు నడుమ మన వచనమునకు రెండు త్రోవలు ఏర్పడెను. 1853లో పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక ప్రకటించెను. 1858లో బాలవ్యాకరణము వెలువడెను. మరియొక వంక సామినేని ముద్దునరసింహము నాయుడు వ్రాసిన హితసూచని ఆయన మరణానంతరము 1862లో అచ్చుపడెను. ఈ రెండవ గ్రంథమును నేడెరిగినవారు తక్కువ. దానిలో ఆయన విద్య, వైద్యము, మంత్రములు, వివాహము మొదలైన లోకవిషయములను, వాడుకకు దగ్గరయైన తెలుగున, ఒక్కొక్కదానిని విడివిడిగా చర్చించెను. ఆ చర్చలకు ఆయన పెట్టిన పేరు "ప్రమేయము". ప్రమేయమనగా తెలిసికొనదగిన వస్తువు. రచనకు ముందు తెలిసికొనదగిన వస్తువొకటి యుండవలెననియు, రచనయంతయు దాని చుట్టే తిరుగవలెననియు ఆ పేరే చెప్పుచున్నది.

మన బడులు మొదటి త్రోవనే పట్టినవి. నీతిచంద్రిక పాఠ్యగ్రంథమై, తరతరముల విద్యార్థులకు వచనమనిన నదియే యని తోచెను. ఆ గ్రంథము నెన్నుట నా యుద్దేశము కాదు. సూరి వాక్యములోని బిగువు, పలుకుబడి తెలుగున్నంతకాల ముండదగినవి. కాని అది కథాగ్రంథము. కథకు క్రమమును కాలమే యిచ్చును: కాకి వచ్చెను, ఎలుకను చూచెను, స్నేహము కోరెను. ముందు జరిగినది ముందు, వెనుక జరిగినది వెనుక. వ్యాసమునకట్టి సదుపాయము లేదు. నీటికరవు, బాల్యవివాహము, ఋణబాధ, ఇట్టి విషయములలో ఏది ముందు చెప్పవలెనో ఏది వెనుక చెప్పవలెనో కాలము చెప్పదు, రచయితయే నిర్ణయింపవలెను. కథను మాదిరిగా పెట్టుకొని వ్యాసము వ్రాయబోయిన విద్యార్థికి సూరి శబ్దములు దొరకెను గాని క్రమము దొరకలేదు. పదములు పెద్దవి, తలపులు పేదవి యైన రచన అట్లు పుట్టెను.

వ్యాసమునకు క్రమము ఎచ్చటనుండి వచ్చునో తన పనిచేత చూపినవారు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. ఆయన స్వయముగా బడిపంతులు. 1874లో వివేకవర్ధని స్థాపించి, లంచములను, వేశ్యాప్రసంగమును, బాల్యవివాహములను ఖండించుచు వ్రాసిరి. 1883లో స్త్రీలకొరకు సతీహితబోధిని ప్రకటించిరి. రాజమహేంద్రవరమున 1881 డిసెంబరులో మొదటి వితంతువివాహము జరిపించుటకు ముందు ఎన్ని సంవత్సరములు వ్రాతచేతను ఉపన్యాసములచేతను జనుల మనస్సులను సిద్ధపరుపవలసి వచ్చెనో తలచుకొనుడు. ఎదుట నొక గృహస్థుడు కూర్చుండి అడ్డు ప్రశ్నలు వేయుచున్నట్లు భావించి వ్రాయువానికి మాట తప్పిపోవుట కవకాశము లేదు. శాస్త్రమొప్పుకొనునా యనిన దానికి సమాధానము, లోకము నవ్వదా యనిన దానికి సమాధానము, పిల్లల గతియేమి యనిన దానికి సమాధానము. ఒక్కొక్క ప్రశ్న ఒక్కొక్క భాగమగును. ప్రయోజనమే క్రమమును తెచ్చిపెట్టినది. గమనింపవలసిన దేమనగా, ఈ పని యంతయు ఆయన చాలవరకు గ్రాంథికభాషలోనే చేసిరి. స్పష్టత భాషారూపమును మాత్రమే యాశ్రయించి యుండదని చెప్పుటకు ఇంతకంటె దృష్టాంతము వలదు.

ఇట్లుండగా ఇరువదవ శతాబ్దపు మొదట పరీక్షలు మారినవి. మెట్రిక్యులేషనునకు బదులు స్కూలు ఫైనలును, ఎఫ్.ఏ.కు బదులు ఇంటర్మీడియేటును వచ్చెను. వీనిలో దేశభాషలో "కంపోజిషను", అనగా స్వయముగా వ్రాయు వ్యాసము, ఒక పరీక్షాంశమాయెను. పద్యమునకు ప్రతిపదార్థము వ్రాసిన చాలదు; విద్యార్థి తన యభిప్రాయమును తన వాక్యములలో తెలుగున వ్రాయవలెను. మన విద్యాచరిత్రలో ఇది యొక గొప్ప మలుపు. క్యాంబెల్ చెప్పిన చిలుకకు పంజరపు తలుపు తెరచినట్లే యైనది. కాని తలుపు తెరవగానే పుట్టిన ప్రశ్న, ఈ పక్షి ఎట్లు ఎగురవలెననునది కాదు. ఏ భాషలో పలుకవలెననునది.

ఆ కాలమున ఉత్తర సర్కారులకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా నుండిన జె.ఏ. యేట్సు, తెలుగువారు మాటాడు భాషకును బడిలో వ్రాయించు భాషకును గల దూరమును చూచి ఆశ్చర్యపడెను. విశాఖపట్టణమున కళాశాలాధ్యక్షులైన పి.టి. శ్రీనివాసయ్యంగారు, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తి పంతులుగారు, విజయనగర సంస్థానమున నుండిన గురజాడ అప్పారావుగారు ఆయనతో ఏకీభవించిరి. గిడుగువారు అప్పటికే కొండలలోని సవరల భాష నేర్చి, ఆ భాషలో పుస్తకములు వ్రాసి, తమ ఖర్చుతో బడులు నడిపినవారు. పిల్లవాని నోటిలోని మాటనుండియే చదువు మొదలు కావలెనని వారికి అనుభవముచేత తెలిసినది. సవరల బిడ్డకు తగిన న్యాయము తెలుగుబిడ్డకు తగదా యని వారి ప్రశ్న.

1912 ప్రాంతమున స్కూలు ఫైనలు విద్యార్థులు వ్యాసమును గ్రాంథికమున గాని ఆధునిక భాషలో గాని వ్రాయవచ్చునను అనుమతి కలిగెను. దానితో అలజడి రేగినది. 1911లో మద్రాసున నేర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, జయంతి రామయ్య పంతులుగారి నాయకత్వమున, గ్రాంథికమును రక్షించుటకు పూనుకొన్నది. ఊరూర సభలు జరిగెను, పత్రికలు నిండెను. విశ్వవిద్యాలయము కంపోజిషను విషయమును విచారించుట కొక సంఘమును నియమించెను. ఆ సంఘములో అధికసంఖ్యాకులు గ్రాంథికమువైపు మొగ్గగా, గురజాడవారు 1914లో ఇంగ్లీషున సుదీర్ఘమైన యసమ్మతి పత్రమును సమర్పించిరి. వాడుకలోలేని ప్రాచీనరూపములను పండితులే తప్పులేకుండ వ్రాయలేకున్నప్పుడు బాలురచేత వ్రాయింపజూచుట వ్యర్థమని వారి వాదములో ముఖ్యమైన యంశము. వారి మాట ఆనాడు నెగ్గలేదు. మరుసటి సంవత్సరమునాటికి పూర్వపు టనుమతియు పోయెను. 1915 నవంబరులో అప్పారావుగారును పోయిరి.

ఈ వివాదమున ఎవరిది న్యాయమని నేడు విచారించుట సులభము. పిల్లవాడు ఏ భాషలో ఆలోచించునో ఆ భాషలోనే తలపు పుట్టును. నోటికివచ్చిన వాక్యమును ముందు మనస్సులో గ్రాంథికమునకు మార్చుకొని, సంధి కుదిరినదా, కళ కుదిరినదా యని చూచుకొని, పిదప కాగితముమీద పెట్టవలెననిన, సగము త్రోవలోనే తలపు చచ్చిపోవును. తప్పు వ్రాయుదునేమో యని భయపడువాడు తనకు తెలిసినదానిని విడిచి, తప్పుపోని దానిని మాత్రమే వ్రాయును. తప్పుపోనిది ఏది? ఇతరులు వ్రాసియిచ్చినది. ఆవు కొబ్బరిచెట్టునకు కట్టబడినది ఇక్కడనే. పండితపక్షము వారి భయమును కేవలము మూర్ఖము కాదు: ఒక్కొక్క సీమవారు ఒక్కొక్క తీరున వ్రాసినచో తెలుగు ముక్కలగునని వారు వెరచిరి. ఆ వెరపు కారణముగా వారు విద్యార్థిమీద మోపిన బరువు మాత్రము మోయరానిది.

కాని రెండు పక్షముల కోలాహలమున మరియొక ప్రశ్న వినబడక పోయెను. ఏ భాషలో వ్రాయవలెనను ప్రశ్నకు వందలకొలది పుటలు వ్రాసితిమి. ఏమి వ్రాయవలెను, అది యెట్లు తోచును, తోచినదానిని ఎట్లు కూర్చవలెననునది తరగతిగదిలో దినదినము నేర్పవలసిన పని. దానికి వచ్చిన శ్రద్ధ స్వల్పము. ఒకవేళ 1914లో గురజాడవారి మాటయే నెగ్గినను, తలపు తీయుట నేర్పనిచో, విద్యార్థి ఆవు వ్యాసమును వ్యావహారికమున కంఠస్థము చేసియుండును. ఇది యూహ కాదు, తరువాత జరిగినదదియే.

ఇతర దేశములలో నిది యెట్లు జరిగినదందురా? పేరాను ఒక రచనాంగముగా బడిలో నేర్పుట అచ్చటను మిక్కిలి ప్రాచీనము కాదు. స్కాట్లండు దేశమున ఆబర్డీను విశ్వవిద్యాలయమున తర్కమును, ఇంగ్లీషును బోధించిన అలెగ్జాండరు బెయిన్ 1866లో ప్రకటించిన రచనాబోధినిలో పేరాకు సూత్రములేర్పరచెను. పేరా మొదటి వాక్యము విషయమును సూచింపవలెను. ప్రతి వాక్యమునకు ముందటిదానితో పొత్తు స్పష్టముగా నుండవలెను. విషయమునకు చెందని దేదియు చొరరాదు. ఆ తరువాత ఇంగ్లీషు రచన నేర్పినవారు పెక్కుమంది ఈ సూత్రముల ననుసరించిరి.

ఈ సూత్రములను విని మన పండితులు ఆశ్చర్యపడవలసిన పని లేదు. ఇంతకంటె సూక్ష్మమైన సామగ్రి మన మీమాంసాశాస్త్రమున కలదు. ఒక యధికరణమున కైదు అంగములు: విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము, సంగతి. వ్రాయదలచినది ఏది? దానిలో సందేహమెక్కడ? ఎదుటివాడేమనును? మన నిర్ణయమేమి? దీనికి ముందు వెనుకలతో సంబంధమేమి? ఈ యైదు ప్రశ్నలు వేసికొన్నవానికి తలపులు కొదువ యగునా? అట్లే ఒక గ్రంథభాగమునకు తాత్పర్యము నిర్ణయించుటకు ఆరు గుర్తులు చెప్పిరి: ఉపక్రమోపసంహారములు ఏకమగుట, అభ్యాసము, అపూర్వత, ఫలము, అర్థవాదము, ఉపపత్తి. మొదలును తుదయు ఒక్కదానినే చెప్పవలెను, ఆ విషయము నడుమ మరల మరల తలయెత్తవలెను, క్రొత్తదేదో తెలియవలెను, దానివలన ప్రయోజనముండవలెను, ఉదాహరణము దానిని మెచ్చునట్లు చేయవలెను, హేతువు దానిని నిలుపవలెను. మంచి పేరాను పరీక్షించుట కింతకంటె చక్కని కొలతలు ఏవి? వేదవాక్యమునకు వాడిన ఈ కొలతలను బాలుని తెలుగు వాక్యమునకును వాడవచ్చునని మన బడులు తలపలేదు. శాస్త్రము పైయంతస్తున నుండెను. కంపోజిషను క్రింద అరుగుమీద నుండెను. నడుమ నిచ్చెన లేదు.

ఆ నిచ్చెన యెట్లు వేయవచ్చునో ఒక్క యుదాహరణముచే చూపెదను. పదియేండ్ల బాలికను "మా యూరి చెరువు" అను విషయముమీద వ్రాయుమంటిమనుకొందము. ఆమె మొదట ఇట్లు వ్రాయును:

"మా ఊళ్లో ఒక చెరువు ఉంది. చెరువులో నీళ్లు ఉంటాయి. నీరు మానవునికి ప్రాణాధారం. గట్టు మీద రావిచెట్టు ఉంది. చేపలు నీళ్లలో బతుకుతాయి. చెరువులను మనం కాపాడుకోవాలి."

దీనిలో అక్షరదోషము లేదు, ప్రాణమును లేదు. ఈ మాటలు ఏ యూరి చెరువునకైనను చెల్లును. ఇప్పుడు ఉపాధ్యాయుడు ఎర్రసిరా తీయక, ప్రశ్నలు వేయవలెను. చెరువు నీకెప్పుడు బాగుగా జ్ఞప్తికి వచ్చును? ఎండాకాలమున నేమగును? తెల్లవారకముందు అక్కడ ఎవరుందురు? పోయిన యేడు మీ యింటివారు అక్కడ ఏమి చేసిరి? బాలిక చెప్పసాగును: నీళ్లు దిగిపోవుట, చెలమలు తవ్వుట, పూడిక తీసి పొలములకు తోలుట, తూము దగ్గర తగవులు, కార్తీకములో తామరపూలు, తాత చెప్పిన వరద కథ. ఇవన్నియు పలకమీద వరుసగా వ్రాయింపవలెను. ఇది విస్తరించుట. తరువాత, వీనిలో ఏవేవి ఒక్క మాటక్రిందికి వచ్చునో ఏరుమనవలెను. ఎండాకాలమునకు చెందినవి ఒక వైపు చేరును. తామరపూలు, తూము తగవు, వరద కథ మరియొక పేరాకై వేచియుండును. ఇది విభజించుట. అప్పుడామె వ్రాయును:

"ఎండాకాలం వస్తే మా చెరువు ఊరందరికీ కొత్త పని చెబుతుంది. వైశాఖం నాటికి నీళ్లు చివరి మెట్టు కూడా దిగిపోతాయి. అప్పుడు మా అమ్మా, పక్కింటి అత్తా తెల్లవారకముందే బిందెలు తీసుకుని వెళ్లి చెలమ తవ్వుతారు. బట్టలుతికేవాళ్లు మూటలు మోసుకుని దూరంగా కాలవకి పోతారు. మా నాన్నా, బాబాయీ ఎండిన చోట పూడిక తవ్వి బండ్లతో పొలానికి తోలుతారు. మళ్లీ వాన పడేదాకా ఎవరి పాతపని వాళ్లకి ఉండదు."

ఇక్కడ నీరు ప్రాణాధారమని ఎవరును చెప్పలేదు. అయినను మనకు తెలిసినది. మొదటి వాక్యము ప్రతిజ్ఞ చేసినది, నడిమివి చెల్లించినవి, చివరిది మొదటిదానిని మరల తాకినది. ఉపక్రమోపసంహారములు కలిసినవి. ఆ బాలిక మీమాంస చదువలేదు. ఒకరు అడిగిరి, ఆమె చెప్పినది. ఒకరు ఏరుమనిరి, ఆమె ఏరినది. ఇంతకు మించిన రహస్యము ఈ విద్యలో లేదు. నేను ఈ వ్యాసమును గ్రాంథికమున వ్రాయుచు బాలికచేత వాడుకభాషలో వ్రాయించితినేమని చదువరులు నవ్వవచ్చును. నా యలవాటు నాది. ఆమె తలపు ఆమెది. నా యలవాటునకు ఆమె తలపును బలియిచ్చు హక్కు నాకు లేదు.

కథ మిగిలినదియు చెప్పి ముగించెదను. వివాదము చల్లారలేదు. 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరమున వర్తమాన వ్యావహారికాంధ్ర భాషాప్రవర్తక సమాజ మేర్పడినప్పుడు వీరేశలింగము పంతులుగారే దానికి అధ్యక్షులైరి; ఆ మే నెలలోనే వారు కన్నుమూసిరి. గిడుగువారు 1940 జనవరిలో గతించువరకును ఊరూర తిరిగి వాదించుచునే యుండిరి. శతాబ్దపు రెండవ యర్ధమున వాడుకభాష పత్రికలను, పాఠ్యపుస్తకములను, పరీక్షలను క్రమక్రమముగా గెలుచుకొన్నది. వారి జన్మదినమైన ఆగస్టు 29ని నేడు తెలుగుభాషాదినోత్సవముగా జరుపుకొనుచున్నాము. గ్రాంథికమను తలుపు తీయబడినది. కాని ఆ యుత్సవమునాడు పోటీలకు పిల్లలు వ్రాయు వ్యాసములను చూడుడు. చాలచోట్ల అచ్చుపడిన మాదిరి వ్యాసములే, గైడులలోని వాక్యములే, వాడుకభాషలో! చిలుక భాష మార్చినది, చిలుకతనము మార్చలేదు.

ఇది పరీక్షలో మార్కులకు సంబంధించిన చిన్న విషయమని ఎవరైన ననుకొనిన, వారికొక జాబును జ్ఞాపకము చేసెదను. పూర్వము అత్తవారింటనుండి ఆడపిల్లలు వ్రాయు జాబులు "ఉభయకుశలోపరి" అని మొదలై, ఇక్కడ అందరము క్షేమము, అక్కడి క్షేమములు తెలుపవలెనని ముగిసెడివి. చదువు చెప్పించితిమని పుట్టినింటివారు సంతోషించిరి. ఆ పిల్లకు కష్టము వచ్చినప్పుడును కలము ఆ రెండు వాక్యములే వ్రాసెను. వేరు వాక్యము దానికి రాదు. అక్షరములు వచ్చి మాట రానివారి దుఃఖము అక్షరములు రానివారి దుఃఖముకంటె తక్కువది కాదు. తన పొలము సంగతి తాను అర్జీలో చెప్పలేని రైతు, తన కూలి సంగతి తాను చెప్పలేని పనివాడు, తన మనస్సు తాను విప్పలేని యిల్లాలు, వీరందరును ఒకరు వ్రాసిచ్చిన దానిక్రింద వ్రాలు చేయువారే. వీరేశలింగము పంతులుగారు స్త్రీలకు చదువు కావలెననినది వ్రాలుకొరకు కాదు.

బడి మారుటకు ఉత్తరువులు కావలెను. ఇల్లు మారుటకు అక్కరలేదు. సాయంకాలము దీపము పెట్టిన తరువాత బిడ్డను దగ్గర కూర్చుండబెట్టుకొని, నేడు నీవు చూచినదానిలో ఒక్కటి చెప్పుమనుడు. చెప్పిన తరువాత, దానినే ఆరు వాక్యములలో వ్రాయుమనుడు. వ్రాసినదానిని పైకి చదివించి, ఈ వాక్యము దేనిగురించి, ఇది ఇక్కడ ఏల యున్నది, అని మాత్రము అడుగుడు. అక్షరదోషములను చివర దిద్దవచ్చును. అవి ఎక్కడికిని పోవు. తలపు మాత్రము అడిగినవారు లేనిచో పోవును. ఆ బిడ్డ రేపు కొబ్బరిచెట్టును గూర్చి వ్రాయవలసి వచ్చినప్పుడు పెరటిలోనికి పోయి చెట్టును చూచును. ఆవును దాని మానాన మేయనిచ్చును.